కాలిక్యులేటర్‌ని గోత్రం అడిగే కంప్యూటర్

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో మా అన్నయ్య వాళ్ళిల్లు. పోయిన ఎండాకాలం నేనక్కడ ఉండగా ఓ సాయంత్రం వాళ్ళమ్మాయి డైనింగ్ టేబుల్ మీద కాలిక్యులేటరూ, నా పాత ల్యాప్‌టాపూ పెట్టుకుని తంటాలు పడుతోంది.

"బాబాయ్, ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ ల్యాప్‌టాప్‌కి ఇది కనపడట్లేదు."

"కేబుల్ మార్చి చూశావామ్మా?"

"చూశాను. రెండూ అంతే."

వదిన సొరుగు వెతికి, ఎప్పుడో మూలపడ్డ డిజిటల్ కెమెరా తాలూకు కేబుల్ ఒకటి తెచ్చింది. అది పెట్టగానే కనపడింది. ముందటి రెండింట్లో లోపం ఏమీ లేదు, అవి ఛార్జింగ్ కోసమే చేసిన కేబుళ్ళు. మామూలు యూఎస్‌బీ కేబుల్‌ని కోసి చూస్తే లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు ఐదు వోల్టుల కరెంటు తెస్తుంది, నలుపు దాన్ని తిరిగి తీసుకెళుతుంది. మాటలు నడిచేది ఆకుపచ్చ, తెలుపు తీగల మీద. చవగ్గా చెయ్యాలనుకున్నవాళ్ళు ఆ రెండూ మానేస్తారు. అన్నం పెడుతుంది గానీ పలకరించదు అన్నమాట ఆ కేబుల్.

పిల్లకి కావలసింది ఫైలు పంపడం ఒక్కటే అయితే కథ అక్కడితో అయిపోయేది. దానికి కంపెనీవాళ్ళే ఇచ్చే టీఐ కనెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ తను స్కూల్లో పైథాన్ నేర్చుకుంటోంది. "ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని నేనే ప్రోగ్రాం రాసి చెయ్యొచ్చా?" అని అడిగింది. చెయ్యొచ్చు. అలా చెయ్యడానికి ఏమేం తెలియాలో ఆ రాత్రి పదకొండింటిదాకా చెప్పుకున్నాం. చెప్పుకున్నదాంట్లో చాలామటుకు ఇదే.

ముందు ఆ కాలిక్యులేటర్ సంగతి. మనకి ఇంటర్‌లో క్లార్క్స్ టేబుల్స్, ఇంజనీరింగ్‌కి వచ్చాక క్యాసియో. అమెరికా హైస్కూలు పిల్లలకి టీఐ-84. గ్రాఫులు గీస్తుంది, ప్రోగ్రాములు నడుపుతుంది, ఖరీదు వంద డాలర్ల పైమాటే. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో పుస్తకాల సంచీ ఉన్నచోటల్లా ఇదీ ఉంటుంది. దీన్ని తయారుచేసే టీఐ, అంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ప్రధాన కార్యాలయం డాలస్‌లోనే. 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించింది ఆ కంపెనీలోనే. 1967లో కిల్బీ, జెర్రీ మెర్రీమన్, జేమ్స్ వాన్ టాసెల్ కలిసి చేతిలో పట్టుకోగల కాలిక్యులేటర్ నమూనా తయారుచేసిందీ అక్కడే. కిల్బీకి 2000లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ నమూనాకి మునిమనవరాలు ఇప్పుడీ పిల్ల చేతిలో ఉంది.

గ్రాఫులు గీసే కాలిక్యులేటర్లు టీఐ నుంచి 1990లో టీఐ-81తో మొదలయ్యాయి. 1992లో వచ్చిన టీఐ-85కి పక్కన ఓ చిన్న రంధ్రం పెట్టారు. ఇయర్‌ఫోన్ పిన్నుకి తమ్ముడిలా ఉండే 2.5 మిల్లీమీటర్ల సాకెట్ అది. రెండు కాలిక్యులేటర్లని వైరుతో కలిపి ప్రోగ్రాములు పంచుకోడానికి. ఆ వైరు మీద సంభాషణ జరిగే తీరు నాకు భలే ఇష్టం.

ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచడం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒకరి రోకలి పడ్డాక రెండోవారిది పడాలి. తొందరపడితే రోకళ్ళు ఢీకొంటాయి. ఇక్కడా రెండు తీగలు. ఊరికే ఉన్నప్పుడు రెండింటి మీదా వోల్టేజీ ఉంటుంది. పంపేవాడు సున్నా చెప్పాలంటే ఒక తీగని కిందికి లాగుతాడు, ఒకటి చెప్పాలంటే రెండో తీగని లాగుతాడు. వినేవాడు "అందింది" అనడానికి మిగిలిన తీగని లాగుతాడు. పంపేవాడు తన తీగ వదిలేస్తాడు, వినేవాడూ వదిలేస్తాడు. ఒక్క బిట్ అయింది. ఇలా ఎనిమిది సార్లు దంచితే ఒక బైటు. ఇద్దరి గడియారాలూ ఒకే వేగంతో నడవాల్సిన పన్లేదు, ఎవరు నెమ్మదైతే రెండోవాళ్ళు ఆగుతారు. సమాచారం ఉన్న ప్రతి మూటకీ చివర, లోపలి బైట్లన్నీ కూడగా వచ్చిన మొత్తం కూడా పంపేవాళ్ళు, దారిలో ఏదైనా చెడితే తెలియడానికి. ఇంత తేలిక కాబట్టే 1990లలో పిల్లలు కంప్యూటర్ వెనక ప్రింటర్ సాకెట్‌కి తీగలు అతికించి సొంత కేబుళ్ళు చేసుకున్నారు. ప్రోగ్రాం కూడా నాలుగు చిన్న పనులే: లాగు, చూడు, వదులు, చూడు.

2004లో టీఐ-84 ప్లస్ వచ్చింది. లోపలి ప్రాసెసర్ 1976 నాటి జెడ్80 వంశానిదే, 15 మెగాహెర్ట్జ్ వేగం. వాడుకోడానికి మిగిలే ర్యామ్ 24 కిలోబైట్లు. ఈ వ్యాసం తెలుగు అక్షరాల్లో దాంట్లో పట్టదు. కానీ పాత సాకెట్ పక్కనే కొత్తగా ఓ మినీ యూఎస్‌బీ సాకెట్ వచ్చింది. 2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈ నుంచి పాత రంధ్రం తీసేసి, యూఎస్‌బీ ఒక్కటే ఉంచారు. రోకలి పోట్లు ఆగిపోయి, చాలా పెద్ద మర్యాదలున్న వ్యవహారం మొదలైంది.

ఆ మర్యాదలు రాసింది ఏడు కంపెనీలు. కాంపాక్, డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్. 1994లో కూర్చుని 1996 జనవరిలో మొదటి ప్రమాణం తెచ్చారు. ఇంటెల్ జట్టులో ముఖ్యుడు అజయ్ భట్, మన దేశంలోని వడోదరవాడు. ఇంట్లో ప్రింటర్ తగిలించలేక భార్య పడ్డ అవస్థ చూసి ఇలాంటిదొకటి ఉండాలనుకున్నానని ఆయన చెబుతుంటారు. 1998 ఏప్రిల్‌లో చికాగోలో బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98కి ఓ స్కానర్‌ని యూఎస్‌బీతో తగిలిస్తే, వేలమంది చూస్తుండగా తెర నీలంగా మారి యంత్రం పడుకుంది. తర్వాత కుదురుకుందనుకోండి.

ఆ ప్రమాణంలో మొట్టమొదటి రూలు: అడిగితేనే మాట్లాడాలి. మా చిన్నప్పటి బళ్ళో లెక్కల మాస్టారి తరగతి అలాగే ఉండేది. ఆయన పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలి, లేకపోతే నోరెత్తకూడదు. యూఎస్‌బీలో మాస్టారు కంప్యూటర్. కాలిక్యులేటర్ దగ్గర ఎంత అర్జంటు విషయం ఉన్నా తనంతట తాను చెప్పదు. కంప్యూటర్ "ఏమైనా ఉందా?" అని అడగాలి. ఉంటే ఇస్తుంది, లేకపోతే "ఇంకా లేదు" అంటుంది. కంప్యూటర్ మళ్ళీ అడుగుతుంది. మౌస్ కదిపినప్పుడు అది కంప్యూటర్‌కి కబురు పంపుతోందనుకుంటాం. నిజానికి కంప్యూటరే సెకనుకి 125 సార్ల చొప్పున "కదిలావా? కదిలావా?" అని విసుగు లేకుండా అడుగుతుంటుంది. పాత వైరుకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. అక్కడ ఇద్దరూ సమానులు, ఇక్కడ కాదు.

మరి రెండు కాలిక్యులేటర్లని కలిపితే? ఇద్దరు విద్యార్థులు, మాస్టారు లేడు. దీనికి 2001 చివర్లో ఓ అనుబంధ ప్రమాణం రాశారు. మినీ సాకెట్‌లో నాలుగు కాక ఐదో పిన్ను ఒకటుంటుంది. కేబుల్‌కి ఒక కొసన ఆ పిన్ను నేలకి కలిపి ఉంటుంది, రెండో కొసన ఉండదు. కలిపి ఉన్న కొస ఎవరికి వస్తే ఆ కాసేపటికి వాళ్ళే మాస్టారు. టీఐ-84లో ఈ ఏర్పాటు ఉంది కాబట్టి, ఉత్సాహవంతులు కొందరు దానికి కీబోర్డులూ, మౌస్‌లూ, పెన్‌డ్రైవులూ తగిలించి నడిపించారు. ఏం ప్రయోజనం అంటే నేను చెప్పలేను. పేకముక్కలతో మేడ కట్టేవాణ్ణి ఎందుకని అడుగుతామా?

కేబుల్ పెట్టిన క్షణం నుంచి ఏం జరుగుతుందో ఇప్పుడు దగ్గర్నుంచి చూద్దాం. కాలిక్యులేటర్ లోపల రెండు మాటల తీగల్లో ఒకదాన్ని 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ పైకి లాగిపెట్టి ఉంచుతుంది. ఆ తీగ మీద వోల్టేజీ లేవడం చూసి కంప్యూటర్ "ఎవరో వచ్చారు" అనుకుంటుంది. ఏ తీగ లేచిందన్న దాన్నిబట్టి వేగం కూడా తెలుస్తుంది. టీఐ-84ది సెకనుకి 1.2 కోట్ల బిట్ల వేగం. కంప్యూటర్ వచ్చినవాళ్ళని ఓసారి రీసెట్ చేసి, 1 నుంచి 127 లోపు ఓ నెంబరు ఇచ్చి కూర్చోబెడుతుంది.

తర్వాత ప్రశ్నలు. గుళ్ళో అర్చన టికెట్టు తీసుకుని పళ్ళెం అందిస్తే పూజారిగారు ఏమడుగుతారు? గోత్రం, పేరు. ఇక్కడా అంతే. కంప్యూటర్ పంపే ఎనిమిది బైట్ల ప్రశ్న ఇది:

80 06 00 01 00 00 12 00

మొదటి 80 అంటే "జవాబు నీ వైపు నుంచి నాకు రావాలి" అని. 06 అంటే "నీ వివరాల పత్రం ఇవ్వు". తర్వాతి 00 01 ఏ పత్రమో చెబుతుంది, మొత్తం పరికరాన్ని గురించినది. చివరి 12 ఎన్ని బైట్లు కావాలో చెప్పేది. పన్నెండు కాదు సుమా, ఇవి పదహారు ఆధారంగా రాసిన అంకెలు, అంటే పద్దెనిమిది. ఈ పద్దెనిమిది బైట్ల పత్రం అడగని యూఎస్‌బీ కంప్యూటర్ ప్రపంచంలో లేదు, ఇవ్వని పరికరమూ లేదు.

పత్రంలో తొమ్మిదో, పదో బైట్లు గోత్రం, అంటే తయారీదారు సంఖ్య. మా పిల్ల కాలిక్యులేటర్ అక్కడ 51 04 అని చెప్పింది. పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పినప్పుడు ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చదువుకోవాలి కదా, యూఎస్‌బీవాళ్ళూ సంఖ్యలోని చిన్న బైటుని ముందు పంపుతారు. తిప్పి చదివితే 0451. మన లెక్కలో 1105. అది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ గోత్రం. ఈ గోత్రాలు పంచిపెట్టేది ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్టన్‌లో ఉన్న యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరం, రుసుము పుచ్చుకుని. తర్వాతి రెండు బైట్లు పేరు, అంటే ఏ మోడల్ అని. అది మాత్రం కంపెనీ ఇష్టం.

ఇక్కడో పక్క మాట. గోత్రం అడిగిన పూజారిగారు ఆధార్ కార్డు చూపించమనరు. కంప్యూటరూ చూపించమనదు. చెప్పిందే నమ్ముతుంది. పెన్‌డ్రైవులా కనిపించే వస్తువు "నేను కీబోర్డుని" అంటే సరేనని దాని నుంచి వచ్చే అక్షరాలన్నీ మీరు కొట్టినట్టే తీసుకుంటుంది. 2014లో లాస్ వేగాస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో జర్మన్ పరిశోధకులు దీన్ని చేసి చూపించి అందర్నీ భయపెట్టారు. దారిలో దొరికిన పెన్‌డ్రైవుని తగిలించవద్దని ఆఫీసుల్లో చెప్పేది ఊరికే కాదు.

గోత్రం, పేరు అయ్యాక కంప్యూటర్ అడిగేది వృత్తి. నువ్వు కీబోర్డువా, ప్రింటర్‌వా, నిల్వ చేసే డబ్బావా? ఈ వృత్తులకి ముందే రాసిపెట్టిన భాషలున్నాయి. అందుకే ఏ కంపెనీ కీబోర్డు తెచ్చినా ఏ కంప్యూటర్‌కైనా పనిచేస్తుంది. టీఐ-84 చెప్పే జవాబు 255. ఆ అంకెకి అర్థం "నా వృత్తి నాకు సొంతం, మీ జాబితాలో లేదు". అప్పుడు విండోస్ గానీ లినక్స్ గానీ చేయగలిగింది ఏమీ లేదు. గౌరవంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మాట్లాడకుండా ఊరుకుంటుంది.

యూఎస్‌బీ పేరులో యూనివర్సల్, అంటే సార్వత్రికం, అన్న మాట ఉంది. అది సాకెట్‌కీ, మర్యాదకీ మాత్రమే. తీగ మీద మాట్లాడే భాష సార్వత్రికం కాదు. ఒకే రైలు పెట్టెలో కూర్చున్నంత మాత్రాన పక్కవాడి భాష వచ్చేస్తుందా?

సరే, ఆ మౌనాన్ని మనం ప్రోగ్రాంతో ఎలా పూడ్చాలి? ఒకప్పుడైతే ఆపరేటింగ్ సిస్టం గర్భంలోకి వెళ్ళి డ్రైవర్ రాయాలి. తప్పు చేస్తే యంత్రమంతా కూలేది. ఇప్పుడు లిబ్‌యూఎస్‌బీ అనే ఉచిత లైబ్రరీ ఉంది, మామూలు ప్రోగ్రాం నుంచే పరికరంతో నేరుగా మాట్లాడనిస్తుంది. పైథాన్‌లో దాన్ని వాడుకోడానికి పైయూఎస్‌బీ ఉంది. మా పిల్ల రాసిన మొదటి రెండు వాక్యాలు: 0451 గోత్రీకుణ్ణి వెతుకు, దొరికితే వాళ్ళతో మాట్లాడే హక్కు నాకివ్వు. మొదటిది పనిచేసింది. రెండో వాక్యం దగ్గర లినక్స్ "అనుమతి లేదు" పొమ్మంది. మామూలు వాడుకరికి పరికరాలతో నేరుగా మాట్లాడే హక్కు ఉండదు, ఫలానా గోత్రానికి ఇవ్వొచ్చని ఓ చిన్న ఫైలులో ఒక్క వరుస రాసిపెట్టాలి. విండోస్‌లో అయితే ఆ పరికరానికి విన్‌యూఎస్‌బీ అనే సాధారణ డ్రైవర్‌ని అంటగట్టాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో సగంమంది ఇక్కడే విసుగొచ్చి లేచి వెళ్ళిపోతారు. పాపం, అసలు సంభాషణ ఇంకా మొదలే కాలేదు.

కాలిక్యులేటర్‌కి రెండు కిటికీలున్నాయి. ఒకటి లోపలికి తీసుకునేది, ఒకటి బయటికి ఇచ్చేది. ఒక్కోసారి 64 బైట్లకి మించి ఏ కిటికీలోనూ పట్టవు. ఒక కిలోబైటు పంపితే అది పదహారు పొట్లాలుగా వెళుతుంది, ఆ ముక్కలు చేసే పని మన ప్రోగ్రాంది కాదు. ఇచ్చే కిటికీ దగ్గర ఓ గోతి ఉంది. మా పిల్ల నేరుగా దాంట్లోనే పడింది. జవాబులో మొదటి ఐదు బైట్లు చాలనుకుని "ఐదు బైట్లు ఇవ్వు" అని రాసింది. బస్సు టికెట్టుకి చిల్లర అడిగినట్టు. యూఎస్‌బీలో పొట్లం విప్పి ఇవ్వడం ఉండదు. కాలిక్యులేటర్ తన దగ్గరున్న పొట్లం మొత్తం ఇచ్చేస్తుంది, ఐదు బైట్ల గిన్నె పట్టుకుని నించుంటే పొంగిపోతుంది. ప్రోగ్రాంకి "ఓవర్‌ఫ్లో" అని తిట్టు వస్తుంది, వచ్చిన బైట్లూ నమ్మడానికి పనికిరావు. అందుకని ఎప్పుడూ 64 లేదా దాని గుణిజం అంత గిన్నె పట్టాలి, తర్వాత కావలసింది ఏరుకోవాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నా జీవితంలో కొన్ని శనివారాలు మిగిలేవి.

ఇక టీఐ సొంత భాష. ప్రతి మూట ముందు నాలుగు బైట్ల పొడవు, ఒక బైటు రకం. రకాలు ఐదే. 1 అంటే "నీ దగ్గర ఎంత జాగా ఉంది?", 2 దానికి జవాబు, 3 అంటే "ఇంకా ఉంది", 4 అంటే "ఇదే ఆఖరి ముక్క", 5 అంటే "అందింది". కంప్యూటర్ మొదట పంపేది తొమ్మిది బైట్లు:

00 00 00 04 01 00 00 04 00

మొదటి నాలుగూ "తర్వాత నాలుగు బైట్లున్నాయి" అని. 01 రకం. మిగిలిన నాలుగూ కలిపి చదివితే 1024. "ఒకసారికి 1024 బైట్ల చొప్పున మాట్లాడుకుందామా?" అని బేరం. గమనించారా, ఇక్కడ సంఖ్యలు మనం రాసినట్టు పెద్దవైపు నుంచే ఉన్నాయి. గోత్రం చెప్పేటప్పుడు వెనక్కి, ఊసులాడేటప్పుడు ముందుకి. ఒకే కేబుల్ మీద రెండు ఆచారాలు. కాలిక్యులేటర్ రకం 2తో తనకి కుదిరే సంఖ్య చెబుతుంది. బేరం కుదిరింది. పెద్దమనుషులు వచ్చినపని ఎత్తుకునే ముందు క్షేమసమాచారాలు అడిగినట్టు, ఇది కాకుండా ఏ పనీ మొదలవదు.

ఈ మూటల లోపల ఇంకో మూట ఉంటుంది. పైది కవరు, లోపలిది ఉత్తరం. "నీ దగ్గరున్న ప్రోగ్రాముల జాబితా ఇవ్వు", "ఫలానా వేరియబుల్ ఇవ్వు", "ఇదిగో నేను పంపుతున్నాను, దాచుకో" అనే అసలు కోరికలన్నీ ఆ ఉత్తరంలో ఉంటాయి. ఉత్తరం పొడుగైతే కవర్లు ఎక్కువవుతాయి, అన్నీ రకం 3, ఆఖరిది రకం 4. ప్రతి కవరుకీ అందుకున్నవాళ్ళు రకం 5తో ఏడు బైట్ల రసీదు ఇచ్చి తీరాలి. కంప్యూటర్ మాస్టారైనా సరే, తనకొచ్చిన కవరుకి రసీదు ఇవ్వకపోతే కాలిక్యులేటర్ మూతి ముడుచుకుంటుంది. ఇంకేం అడిగినా జవాబు రాదు. ప్రోగ్రాం కాసేపు చూసి, సమయం మించిపోయిందని చేతులెత్తేస్తుంది. మేం ఆ రాత్రి ఎక్కువసేపు కొట్టుకున్నది ఇక్కడే. కోడ్ అంతా సరిగ్గా ఉంది, జాబితా అడిగితే మాత్రం మౌనం. చివరికి తేలిందేమిటంటే, అంతకు ముందు వచ్చిన కవరుకి రసీదు రాయడం మర్చిపోయాం.

పాత వైరు రోజుల్లో మూట చివర కూడిక మొత్తం పంపేవాళ్ళని చెప్పాను కదా. కొత్త భాషలో అది లేదు. అవసరం లేదు కాబట్టి. యూఎస్‌బీ ప్రతి పొట్లానికీ తన సొంత తనిఖీ సంఖ్య తగిలిస్తుంది, చెడిపోతే మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది, ఇదంతా చిప్పులోనే జరిగిపోతుంది. పాత భాషలో బిట్టు బిట్టుకీ మనం పడ్డ పాట్లు ఇక్కడ సిలికాన్ పడుతుంది. మనకి మిగిలింది మర్యాదలు గుర్తుంచుకోవడమే.

ఇంతకీ ఈ 1 నుంచి 5 రకాలు, లోపలి ఉత్తరాలు మనకెలా తెలిశాయి? కంపెనీ చెప్పలేదు. కంపెనీవారి సాఫ్ట్‌వేర్ కాలిక్యులేటర్‌తో మాట్లాడుతుంటే తీగ మీద వెళ్ళే ప్రతి బైటునీ రాసుకుని, ఫైలు పేరు ఒక అక్షరం మార్చి మళ్ళీ పంపి, ఎక్కడ ఏది మారిందో చూసి, ఇలా నెలల తరబడి కూర్చున్నవాళ్ళు తేల్చారు. అమెరికాలో, ఫ్రాన్సులో, ఇంకా చాలాచోట్ల, ఎక్కువమంది విద్యార్థులే. గోడ పక్కన చెవిపెట్టి కొత్త భాష నేర్చుకోవడం లాంటిది అది. వాళ్ళు రాసిన టిల్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ లినక్స్‌లో టీఐ కాలిక్యులేటర్లతో మాట్లాడుతుంది. నాకు అర్థంకాని సంగతి ఒకటే, ఆ నాలుగు పేజీల భాష కంపెనీయే అచ్చువేసి ఇచ్చి ఉంటే పోయేదేమిటి? అమ్మేది కాలిక్యులేటర్‌నే గానీ కేబుల్ మీది మాటల్ని కాదు కదా.

మాట్లాడటం ఒకటి, మాట చెల్లడం ఇంకొకటి. మామూలు ప్రోగ్రాం పంపితే కాలిక్యులేటర్ దాచుకుంటుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టం పంపితే మాత్రం కింద కంపెనీ సంతకం ఉందో లేదో చూస్తుంది. ఆ సంతకానికి ఆధారం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. టీఐ-84కి ముందరి టీఐ-83 ప్లస్ కాలంలో ఆ లబ్ధం 512 బిట్లు, అంటే 155 అంకెలు. అంతే పొడవున్న సంఖ్య ఒకదాన్ని 1999లో పరిశోధకులు వందల కంప్యూటర్లు పెట్టి విడగొట్టారు. 2009 వచ్చేసరికి ఒక ఔత్సాహికుడు ఇంట్లో మామూలు కంప్యూటర్ ఒక్కదాంతో, దాదాపు రెండున్నర నెలలు నడిపి టీఐ వాళ్ళ సంఖ్యని విడగొట్టాడు. తర్వాత చాలామంది తమ కంప్యూటర్లు కలిపి మిగతా మోడళ్ళ సంఖ్యలూ తేల్చారు. కంపెనీ అమెరికా కాపీరైటు చట్టం చూపించి నోటీసులు పంపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ అక్టోబరులో ఔత్సాహికుల తరఫున గట్టి జవాబు రాసింది: తాము కొనుక్కున్న యంత్రంలో తాము రాసిన సాఫ్ట్‌వేర్ నడుపుకోవడం నేరం కాదని. కొత్త మోడళ్ళలో సంఖ్య 2048 బిట్లయింది. దాన్ని విడగొట్టడం ఇప్పటి కంప్యూటర్ల తరం కాదు.

2020లో ఇంకో మలుపు. సీఈ మోడల్‌లో సీ భాషలోనూ, అసెంబ్లీలోనూ రాసిన ప్రోగ్రాములు నడిపే వీలుని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తీసేశారు. పరీక్షలప్పుడు కాలిక్యులేటర్‌ని శుభ్రం చేసే ఏర్పాటుని ఇలాంటి ప్రోగ్రాములతో బోల్తా కొట్టించవచ్చన్నది కారణం. ఇందులో కంపెనీ బాధ నాకర్థమవుతుంది. పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళనిస్తారు కాబట్టే ఆ కాలిక్యులేటర్ అమ్ముడవుతోంది. ఆ నమ్మకం పోతే వ్యాపారమే పోతుంది. కానీ అది నేరుగా తగిలేది ఎవరికి? పద్నాలుగేళ్ళ వయసులో మొదటిసారి యంత్రం లోపలికి తొంగిచూసే పిల్లలకి. ఔత్సాహికులు దానికీ అడ్డదారి కనిపెట్టారు. కనిపెట్టకుండా ఉంటారా? మరి ఇప్పుడు కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతోంది, తెర మీదే డెస్మోస్ కాలిక్యులేటర్ ఇస్తున్నారు. మోసం భయం అటు జరిగిపోయింది గానీ మూసిన తలుపు మూసే ఉంది.

ఆ రాత్రి పదకొండు దాటాక మా పిల్ల ప్రోగ్రాం కాలిక్యులేటర్‌లోని ప్రోగ్రాముల జాబితాని తెచ్చి ల్యాప్‌టాప్ తెర మీద పెట్టింది. నలభై వరసల పైథాన్. "అంతేనా బాబాయ్, ఇంత కష్టపడింది ఈ లిస్టు కోసమా?" అంది. వదిన నవ్వి లైటార్పింది.

మీ ఇంట్లోనో, అమెరికాలో ఉన్న మీ మనవల సంచీలోనో టీఐ-84 ఉంటే, మాటల తీగలున్న కేబుల్ ఒకటి వెతికి తగిలించి చూడండి. లినక్స్ అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి, విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో దాని హార్డ్‌వేర్ వివరాలు తెరవండి. 0451 కనపడితే, పంపాల్సిన మొదటి తొమ్మిది బైట్లు పైన రాసే ఉన్నాయి. గిన్నె మాత్రం 64 బైట్లకి తక్కువ పట్టకండి, వచ్చిన ప్రతి కవరుకీ రసీదు ఇవ్వడం మర్చిపోకండి.